గొట్టం పెట్టుకుని మునగండి!

బెంగళూరు రైలు దిగి ఇల్లు చేరిన మేనల్లుడు చెప్పులు కూడా విప్పలేదు. ఫోను నా ముక్కు ముందు పెట్టాడు. "మామా, రేపే పోదాం రా. ఒక దీవి కాదు, దీవి మీద దీవి. మూతికి గొట్టం, కళ్లకు అద్దాలు పెట్టుకోని నీళ్లలో మునిగి చేపల్ని చూసేది. స్నార్కెలింగ్!"

మా కుప్పం సీమ గుడుపల్లెలో మునగడమంటే మాకు తెలిసింది ఒకటే. బోరు అప్పులో మునగడం.

అయినా ఎందుకు పోకూడదు? మనది తీర రాష్ట్రం కాదూ? 974 కిలోమీటర్ల తీరమని ఎన్ని సభల్లో విన్నాం! కేంద్రం మళ్లీ కొలిస్తే 1,053 అయింది. భేష్. సముద్రం గరిటెడు కూడా పెరగలేదు, కొలత మారిందంతే. తమిళనాడు 1,068 తేలడంతో రెండో స్థానం నుంచి మూడుకు జారాం. ఇంత పొడుగు తీరంలో పిల్లాపాపలతో గుండెమీద చెయ్యేసుకుని పడవెక్కే రేవులెన్ని? లెక్కపెట్టండి. వేళ్లు మిగిలిపోతాయి.

వాడు చూపించిన ఫొటో లక్షద్వీప్‌ది. 2024 జనవరిలో ప్రధానమంత్రి గొట్టం పెట్టుకుని మునిగారు, దేశమంతా ఊగిపోయింది. మనం? అనుమతి పత్రం లేనిదే అక్కడ అడుగు పెట్టలేం. "రేపే పోదాం" అనే భాగ్యం మనకుందా?

సరే, విశాఖ పోదామా? ఆర్కే బీచ్‌లో తేలే వంతెన కట్టారు. ఖర్చు కోటీ 60 లక్షలు. 2024 ఫిబ్రవరి 25న రిబ్బన్ కత్తిరించారు. మర్నాడే చివరి ముక్క విడిపోయి అలల మీద షికారు పోయింది. ఊడిందా? అబ్బే, మాక్ డ్రిల్ అన్నారు అధికారులు! చూశారా మన ప్రతిభ? జనం దీవికి పోనక్కర్లేదు. దీవే బయల్దేరి పోతుంది. పక్కనే రుషికొండ. కొండ గుండు గీసి, పర్యాటకం పేరు చెప్పి, వందల కోట్లు పోసి భవనాలు లేపారు. అందులో దుప్పటి పరిచింది ఏ పర్యాటకుడికి?

విచిత్రం వినండి. వంతెన ఊడిన ఆ ఫిబ్రవరి 26నే మా కుప్పం సీమలో నాటి ముఖ్యమంత్రి జగన్ కృష్ణా నీళ్లు వదిలారు. గేటెత్తారు, ఫొటో దిగారు. నాటకమంది ప్రతిపక్షం. 2025 ఆగస్టు 30న ముఖ్యమంత్రి చంద్రబాబు మా సీమలోనే పరమసముద్రంలో జలహారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి 738 కిలోమీటర్లు నడిచొచ్చిన నీళ్లట. 1989 నుంచి మా ఎమ్మెల్యే ఆయనే. నీళ్లు మెల్లగా నడుస్తాయి కాబోలు, పాపం! ఒకటే కాలువ, రెండు ప్రారంభోత్సవాలు. పుట్టిన బిడ్డకు రెండుసార్లు బారసాల చేస్తారా ఎక్కడన్నా?

నీళ్లంటే పెద్దలకు ఫొటో. మరి జనం నీళ్లలోకి దిగితే?

2017 నవంబరు 12. కార్తీక ఆదివారం. ఒంగోలు వాళ్లు సరదాగా విజయవాడ వచ్చారు, భవానీ ద్వీపం చూశారు, పవిత్ర సంగమానికి పడవెక్కారు. మా మేనల్లుడు కోరే షికారు అదే కదా! ఆ పడవకు అనుమతి లేదు. ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. 20 మందికి పైగా తిరిగి రాలేదు. తర్వాత? విచారణ, కమిటీ, "కఠిన చర్యలు". రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు పోతూ కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగింది. ఉన్నది 77 మంది. బతికింది 26 మంది. గోదావరి వరద మీదుంది. ఆ రోజు పడవను ఆపాల్సిన చెయ్యి ఏ జేబులో ఉంది? పడవను బయటికి లాగడానికి 38 రోజులు పట్టింది. అదీ ధర్మాడి సత్యం లాంటి రేవు మనిషి తాళ్లు కట్టి లాగితే! శాఖలకు ఏం తక్కువ? పర్యాటక శాఖ, జలవనరుల శాఖ, పోర్టు అధికారులు, పోలీసులు. రేవుకు నలుగురు యజమానులు, మునిగితే ఒక్కడూ బాధ్యుడు కాడు. ఎక్స్‌గ్రేషియా చెక్కు మాత్రం కెమెరా చూసుకునే ఇస్తారు.

ఇదంతా చెబితే మేనల్లుడు కాసేపు నోరెత్తలేదు. తర్వాత సంచిలోంచి వాడు కొనుక్కొచ్చిన గొట్టం తీశాడు. నీలం రంగుది, జానెడున్నర. మా ఆవిడ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా అబ్బోడా, పొడుగు? మన బోరు వెయ్యడుగులు దాటినా దుమ్మే లేస్తా ఉండాది. ఇంకో నాలుగు అతికించి అందులోకి దించు. యాడన్నా చేప కనబడితే నన్నూ పిలువు."