హెచ్చారావు గారు

మా ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన హెచ్చారావు గారే. హెచ్‌ఆర్‌లో ఉన్న రావు గారు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. రెండు అప్రైజళ్లు చూసినవాళ్లకు మాత్రం సంధి విడగొట్టడం తెలుసు: హెచ్చు, రావు.

మాదాపూర్‌లో మా ఐదో అంతస్తులోనే కాదు, కాస్త వెతికితే ప్రతి అంతస్తులోనూ ఒక హెచ్చారావు గారు కనిపిస్తారు. మెడలో ట్యాగు, చేతిలో నీళ్ల సీసా, నోట్లో "మనమంతా ఒక ఫ్యామిలీ" అన్న మాట. ఆ మాటలో అబద్ధమేం లేదు. ఇంట్లోలాగే ఇక్కడా డబ్బు సంగతి ఎత్తగానే పెద్దవాళ్లు లేచి పక్క గదిలోకి వెళ్లిపోతారు.

చేరిన రోజు మనది కొత్తల్లుడి హోదా. బ్యాగు, కప్పు, ఎవరికీ సరిపోని టీషర్టు, ఫోటో. మూడో వారం ఛార్జర్ పాడైందని వెళితే "టికెట్ రైజ్ చేశారా?" అని అడుగుతారు. పండగ వెళ్లాక అల్లుడి ముఖం ఎవరు చూస్తారు?

ఆయనకు ప్రాణం ఫన్ ఫ్రైడే. ఒక శుక్రవారం రాత్రి మాకు రిలీజ్ ఉంది. టెస్టింగ్‌లో పదకొండు బగ్గులు అలాగే ఉన్నాయి. నాలుగింటికి బెలూన్లతో వచ్చి అందర్నీ లేపి కుర్చీలాట ఆడించారు. మొదటి రౌండులోనే కుర్చీ దొరకనివాడు, ఆర్నెల్లుగా ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్న కుర్రాడు. అందరం నవ్వాం. వాడొక్కడికీ అది ఆటలా అనిపించలేదు.

ఎంబీఏలో చదివిన ఒక కథ ఆయనకు బాగా గుర్తుంది. 1920లలో షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో వెలుతురు పెంచితే పని పెరిగిందట, తగ్గించినా పెరిగిందట. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావనే కార్మికుల చేత పని చేయించిందని ఆ కథకు చెప్పుకునే నీతి. హెచ్చారావు గారు ఆ కథలో వెలుతురు తగ్గించడం ఒక్కటీ పట్టుకున్నారు. ఏడు దాటితే మా ఫ్లోర్‌లో సగం లైట్లు ఆరిపోతాయి.

ఇక అప్రైజల్.

"మేం ఐదుగురం బాగా చేశామని మేనేజరే రాశారు కదా సార్?"

"రాశారు బ్రదర్. కర్వ్ ఒప్పుకోవట్లేదు. ఒకరు కింద ఉండాలి."

"నేనే ఎందుకు?"

"పోయినేడు మీరు పైనున్నారుగా!"

వీధి కుళాయి దగ్గర వంతులు చెప్పినట్టే చెప్పారు. గుళ్లో గంట కొడితే దేవుడైనా వింటాడు. గంట ఆకారంలో ఉన్న ఈ గీత ముందు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. పై 20 శాతం, నడిమి 70, అడుగు 10 అని మనుషుల్ని విడదీసే పద్ధతికి జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ పేరు తెచ్చాడు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి గంటనే ఏళ్ల తరబడి మోగించి 2013 నవంబరులో దించేసింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ కుర్చీ ఎక్కింది ఆ తర్వాతే, 2014 ఫిబ్రవరిలో. వాళ్లు దించిన గంటను మావాళ్లు ఎత్తుకున్నారు. ఆ ఏడు నుంచి, అడిగిందే తడవుగా కోడ్ విప్పి చెప్పే మా సీనియర్ "డాక్యుమెంట్ చూసుకో" అనడం మొదలుపెట్టాడు. పక్కవాడు పైకెళితే తాను అడుగుకు పోతానని లెక్క తెలిసింది మరి. రెండు రోజుల పని వారానికి సాగింది.

చివరికి ఆ సీనియరే పేపర్ పెట్టాడు. అప్పుడు హెచ్చారావు గారు తలుపు మూసి, కాఫీ తెప్పించి, నాలుగేళ్లలో మొదటిసారి "మీ ఇబ్బంది ఏంటి?" అని అడిగారు. రాత్రి క్యాబ్ ఏడాదిగా ముప్పావుగంట ఆలస్యమని, అడిగిన పది శాతం ఇవ్వలేదని వాడు చెప్పాడు. ఆయన పొల్లు పోకుండా టైప్ చేసి 'లెర్నింగ్స్' అనే ఫోల్డర్‌లో దాచారు. వాడి స్థానంలో వచ్చినవాడికి ముప్పై శాతం ఎక్కువిచ్చారు. వాడికి పని పట్టుబడటానికి ఆర్నెల్లు పట్టింది.

ఈ లెక్క హెన్రీ ఫోర్డుకు వందేళ్ల కిందటే తెలిసింది. 1913లో సుమారు 14 వేల మందిని నిలుపుకోవడానికి ఆయన ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో రోజుకూలి అయిదు డాలర్లు చేశాడు, వలస బాగా తగ్గింది. ఖర్చు తగ్గించుకోవడానికి తాము చేసిన గొప్ప పనుల్లో అదొకటని తర్వాత ఆయనే రాసుకున్నాడు. అలాగని ఊరకే ఇవ్వలేదు. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుడు ఉందా అని చూసి రమ్మని ఇళ్లకు మనుషుల్ని పంపాడు. మా హెచ్చారావు గారికి వాళ్లు పూర్వీకులు.

ఒక రాత్రి ఆయన సగం చీకట్లో కూర్చుని మిగిలిన కేకు తింటున్నారు. పలకరిస్తే "నాకూ అడుగు రేటింగే బ్రదర్, హెచ్‌ఆర్‌కీ కర్వ్ ఉంటుంది" అన్నారు. ఎంతమందిని చేర్చారు, ఎన్ని ఈవెంట్లు చేశారు అని ఆయన్ని కొలుస్తారు. ఎంతమంది నిలిచారన్న గడి ఆయన షీటులో లేదు.

ఆ రాత్రేమో, మర్నాడో 'లెర్నింగ్స్' తెరిచినట్టున్నారు. పై నెలలో క్యాబ్ కాంట్రాక్టరు మారాడు. నైట్ షిఫ్టువాళ్లు వేళకు ఇల్లు చేరుతున్నారు, ఆ టీం నుంచి ఏడాదిగా ఒక్కరూ పేపర్ పెట్టలేదు. కంపెనీకి ఆయన చేసిన అసలైన మేలు అదే. కానీ ఆయన ఏడాది నివేదికలో అది లేదు. క్యాబ్ వేళకు రావడానికి ఫోటో ఎలా తీస్తారు?

మీ ఫ్లోర్‌లో హెచ్చారావు గారు ఈ శుక్రవారం కేకు తెస్తే మొహమాటపడకుండా తినండి. తింటూనే మీ క్యాబ్ సంగతి చెప్పేయండి. పేపర్ పెట్టేదాకా ఆగకండి.