చక్రం మూలుగు, సైబరాబాద్ వైద్యం

అమెరికాలో ఏ బ్యాంకు సర్వరో దగ్గితే మాదాపూర్‌లో కూర్చున్న మనవాళ్లు పావుగంటలో జబ్బు కనిపెట్టేస్తారు. మూలకారణం ఇదీ అని రిపోర్టు కూడా రాసేస్తారు. తాము ఎక్కి తిరిగే కారు ముందు చక్రం నెల్లాళ్లుగా గడగడమంటుంటే మాత్రం పాటల సౌండు పెంచుతారు. సైబరాబాద్‌లో ప్రథమ చికిత్స అదే.

పాటలకీ లొంగకపోతే జబ్బు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. బేరింగ్ పోయిందని ఏ బ్లాకాయన, సస్పెన్షనే అని బీ బ్లాకాయన తీర్పిస్తారు. ఎలక్ట్రిక్ కారు కొనుక్కోక ఇంకా ఈ గోలేమిటని మూడో ఆయన జాలిపడతాడు. ఈలోగా నాలుగో ఆయన శంకర్‌పల్లిలో ప్లాట్ల బ్రోచరు పెడతాడు. చర్చ ముగుస్తుంది.

తర్వాత స్పెషలిస్టులు. ఏసీ హాల్లో ట్యాబ్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజరు బానెట్టయినా ఎత్తకుండానే, "నాలుగు టైర్లూ మార్చేద్దాం సార్, సేఫ్టీ కదా" అంటాడు. అలైన్‌మెంట్ మిషనున్న షాపులో అలైన్‌మెంట్ పోయిందంటారు. ఇంకోచోట నైట్రోజన్ కొట్టించుకోమంటారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం ఉన్న సరుకది, డబ్బులిస్తే మిగతా 22 శాతం కూడా నింపుతారు. మొత్తానికి ఎవరి దగ్గర ఏ మిషనుంటే మన కారుకి ఆ జబ్బే.

నిజానికి చక్రమంత నిజాయితీగా మాట్లాడే జీవి ఈ ఐటీ కారిడార్‌లో ఇంకొకటి లేదు. వేగంతో పాటు గుయ్యిమనే మూలుగు పెరిగితే బేరింగ్‌ని అనుమానించాలి. ఎడమ మలుపులో బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి, అప్పుడు మూలుగు హెచ్చితే కుడి బేరింగ్ మీద కన్నెయ్యాలి. టకటకమంటే టైరు గాడిలో రాయో మేకో ఇరుక్కుని ఉండొచ్చు. బండి ఒకవైపు లాగుతూ టైరు ఒక అంచునే అరిగిపోతుంటే, అప్పుడు చూపించాలి అలైన్‌మెంట్. 80 దాటాక స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ సంగతి చూడాలి, రిమ్ముకి బిగించిన చిన్న వెయిట్ ముక్క రాలినా చాలు.

చిక్కల్లా ఆ 80 దగ్గరే. 1998లో మొదలైన సైబర్ టవర్స్ ముందు ఇప్పుడు సాయంత్రం ఆరింటికి 80 తొక్కగలవాడెవడు? ఆ జబ్బు బయటపడాలంటే ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. మన వేగానికి తగిన జబ్బులు వేరే ఉన్నాయి: రిమ్ము వంకర, టైరు ఉబ్బు, వదులైన నట్లు. 20, 30లోనే బండి ఊగిందంటే వెంటనే పక్కకి ఆపి చూసుకోవాలి. నట్లు వదులైతే చక్రం మనకంటే ముందే ఆఫీసుకి చేరగలదు.

కొండాపూర్ సందులో పంక్చర్ షాపతను మాత్రం ట్యాబ్ తియ్యడు. "ఎప్పుడొస్తుంది సార్ సౌండు? తిప్పితే వస్తదా, బ్రేకేస్తే వస్తదా?" అంటాడు ముందు. జాకీ ఎక్కించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. ఆట లేదు. చేత్తో ఒక్క తిప్పు తిప్పి చెవి దగ్గర పెట్టి వింటాడు. మూలుగూ లేదు. తర్వాత టైరు లోపలి గోడ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరుపుతాడు. ఒకచోట చెయ్యి ఆగుతుంది. "ఈడ ఉబ్బింది. గుంతల గట్టిగ పడ్డట్టుంది. దీనికి ప్యాచ్ పడది, స్టెప్నీ ఎక్కిస్త."

అంతే సంగతి. గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగితే లోపలి దారాలు తెగుతాయి, అక్కడ గాలి బయటికి తోసుకొస్తుంది. టైరు బిల్లు మనకొస్తుంది. గుంత బిల్లు ఎవరికీ వెళ్లదు. నీళ్ల పైపుకని ఒకరు తవ్వుతారు, డ్రైనేజీకని ఇంకొకరు, ఇంటర్నెట్ కేబుల్‌కని మరొకరు. దిమ్మిస కొట్టకుండా పైపైన మట్టి కప్పిపోతే మొదటి వానకే కుంగుతుంది. అమెరికా సర్వర్‌కి మనం వైద్యం చేసేది ఆ కేబుల్ మీదుగానే. అక్కడ రోగం కుదురుతుంది, ఇక్కడ చక్రం ఉబ్బుతుంది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వేసుకుని రాత్రిళ్లు రంగు లైట్లు చూసి మురిసే ఊళ్లో, నేల మీది గుంతని చూసేదెవరు?

ఒకాయన చూశారు. గంగాధర తిలక్ కాట్నం రైల్వేలో రిటైరై, హైదరాబాద్ వచ్చి సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరారు. దారిలో గుంతలు చూసి 2010లో వాటిని పూడ్చడం మొదలుపెట్టారు. ఆ ఉద్యోగమూ వదిలేసి పింఛను డబ్బుతో అదే పనిలో దిగారు. జనం రోడ్డు డాక్టరన్నారు. మూలకారణ రిపోర్టులు రాసీ రాసీ చేతులరిగిన ఈ ఊళ్లో అసలు మూలం దాకా వెళ్లిన పెద్దమనిషి, పాపం, అందుకు ఉద్యోగం మానుకోవాల్సొచ్చింది.

మిగతావాళ్లం ఉద్యోగాల్లోనే ఉన్నాం. ఆయన వీడియోకి లైకు కొడతాం. ఎదురుగా గుంత కనిపిస్తే ఇండికేటర్ వెయ్యకుండా పక్క లేన్‌లోకి కోసేస్తాం. ఆ లేన్‌లో వచ్చేవాడి చక్రం సంగతంటారా, దానికి వాడి అపార్ట్‌మెంట్ గ్రూపు వాడికుంది.