టెల్యురైడ్ వెళ్లేవారికి కొన్ని తలకిందుల సలహాలు

స్కీ పాస్ కొనకండి. కొలరాడోలోని టెల్యురైడ్ వెళ్తున్నామని తెలిసినవాళ్లెవరు ఫోన్ చేసినా నేను మొదట చెప్పే మాట ఇదే. అవతల కాసేపు మాట ఉండదు. డెన్వర్ నుంచి ఆరేడు గంటలు కారు నడుపుకుంటూ ఆ మంచు కొండల్లోకి వెళ్లేది స్కీయింగ్ కోసమేగా అంటారు తర్వాత. అందుకే అయితే వెళ్లండి, కానీ కనీసం మొదటి రెండు రోజులు స్కీల జోలికి పోకండి. ఒక్క రోజు పాస్‌కే మనిషికి రెండు వందల డాలర్లు దాటుతుంది. ఆ డబ్బు మిగులుతుందని నేనిలా చెప్పడం లేదు. పొద్దున్నే బూట్లు బిగించుకుని లిఫ్టు ఎక్కినవాళ్లు సాయంత్రానికి ఒళ్లు హూనమై గదికి చేరతారు. ఊరు చూడకుండానే సెలవు అయిపోతుంది.

టెల్యురైడ్ స్కీ ఊరైంది 1972లో. అంతకుముందు తొంభై ఏళ్లకు పైగా అది గనుల ఊరు. 1878లో కొలంబియా అనే పేరుతో వెలిసింది. వెండి, బంగారం కోసం జనం ఎగబడి వచ్చారు. ఇడరాడో గని మూతపడింది 1978లో. అంటే ఆరేళ్ల పాటు ఒకే లోయలో ఒకవైపు స్కీలు, ఇంకోవైపు గని షిఫ్టులు నడిచాయన్నమాట. ఈ సంగతి నాకు మా నాన్న వల్ల తట్టింది. ఆయన కొత్తగూడెంలో సింగరేణి కార్మికుడు, ముప్పై ఏళ్లకు పైగా బాయిలో, అంటే బొగ్గు గనిలో, దిగిన మనిషి. మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు మంచు చూపిద్దామని అక్కడికి తీసుకెళ్లాను. కారు దిగి, మూడు వైపులా నిలువుగా లేచిన కొండల్ని, వాటి మీద తుప్పు పట్టిన పాత కట్టడాల్ని చూసి, "ఇది బాయి ఊరే బిడ్డా" అన్నారు. అప్పటికి నేను మూడుసార్లు వెళ్లొచ్చాను. ఆ ముక్క నాకు ఒక్కసారీ తోచలేదు.

రెండో సలహా: మొదటి రోజు ఏమీ చెయ్యకండి. సెలవు వృథా అవుతుందని పిల్లలు గొడవ చేసినా సరే. ఊరు 2,667 మీటర్ల ఎత్తున ఉంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే ముందు రాత్రి మాంట్‌రోజ్‌లో ఆగండి, అది బాగా పల్లంలో ఉంటుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టరును అడగందే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. పైకి చేరాక మద్యం ముట్టకండి, నీళ్లు బాగా తాగండి. కూర్చున్నచోటే ఆయాసం వస్తుంటే పొద్దున దాకా ఆగకుండా వైద్యం చేయించుకోండి, కిందికి దిగిపోండి.

గదిలో వంట చేసుకునే వీలుంటే కుక్కర్ తీసుకెళ్లండి. స్కీ ఊరికి కుక్కరేమిటని మా ఆయన కూడా అడిగారు. డెన్వర్‌లోనే నీళ్లు 95 డిగ్రీలకు మరుగుతాయి, టెల్యురైడ్‌లో 91 దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, అన్నం పైన మెత్తబడి లోపల బిరుసుగా మిగులుతుంది. మొదటిసారి నేను రెండూ పారబోశాను. కుక్కర్ పెడితే రెండు విజిల్స్ ఎక్కువ పడతాయి, అంతే. చలిలో తిరిగొచ్చిన మనిషికి వేడి వేడి పప్పన్నం, ఆవకాయ ముక్క పెట్టి చూడండి. నాకు తెలిసి ఆ కొండల్లో అంతకు మించిన భోజనం లేదు.

రెండో రోజు పొద్దున శ్మశానానికి వెళ్లండి. ఇది వినగానే చాలామంది కోప్పడతారు. పండగ పూట, పిల్లల్ని తీసుకుని, శ్మశానానికా? అవును, అక్కడికే. ఊరికి తూర్పు చివర లోన్ ట్రీ సిమెట్రీ ఉంది. చలికాలంలో సమాధి రాళ్లు సగం మంచులో మునిగి ఉంటాయి, బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు తగిలించుకుని నెమ్మదిగా నడవండి. రాళ్ల మీద పేర్లు, వయసులు చదవండి. దూరదేశాల నుంచి కూలికి వచ్చిన కుర్రవాళ్లు ఈ నేలలోనే ఉండిపోయారు.

1901 నవంబరులో స్మగ్లర్-యూనియన్ గని సొరంగం ముందున్న కట్టడాలకు నిప్పంటుకుంది. సొరంగం గాలిని లోపలికి లాగడంతో పొగ మొత్తం గనిలోకి పోయింది. సొరంగం నోరు మూయడానికి ఒక ఇనుప తలుపు ఉంటే బతికేవాళ్లు, ఇరవై మందికి పైగా ఊపిరాడక చచ్చిపోయారు. నాలుగు నెలలు తిరగకముందే, 1902 ఫిబ్రవరి 28న లిబర్టీ బెల్ గని మీద కొండ మంచు విరిగిపడింది. కార్మికులు ఉండే ఇల్లు కొట్టుకుపోయింది. వాళ్లను వెతకడానికి వెళ్లినవాళ్ల మీద రెండోసారి పడింది. శవాల్ని కిందికి తెస్తున్నవాళ్ల మీద మూడోసారి పడింది. ఆ ఒక్క రోజులో కనీసం 16 మంది పోయారు.

ఇదంతా చెప్తే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత టోపీ తీసి, ఆ చలిలో బట్టతలతో నిలబడ్డారు. బాయిలో పొగ అంటే ఏమిటో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. అలా విరిగిపడే మంచు మీదే మనం రంగురంగుల జాకెట్లు వేసుకుని జారుతున్నాం. జారడం తప్పని నేననను. కానీ అది ఎవరి మీద పడిందో ఒకసారి చూసి వచ్చి జారండి. మా పదకొండేళ్ల అమ్మాయి మూడో రోజు స్కీయింగ్‌కి వెళ్లినప్పుడు, విరిగిపడే ప్రమాదముందని మూసేసిన వాలు దగ్గర హెచ్చరిక బోర్డు చదవడానికి తనంతట తనే ఆగింది.

కొలరాడో అవెన్యూలో బుచ్ కాసిడీ దోచిన బ్యాంకు చోటు దగ్గర ఫోటో దిగకండి. 1889 జూన్ 24న ముగ్గురు నలుగురు గుర్రాల మీద వచ్చి ఇరవై వేల డాలర్లకు పైగా పట్టుకుపోయారు. ఆ దొంగ పేరు ఊరందరికీ తెలుసు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1903లో సమ్మె చేసిన మిల్లు కార్మికుల పేర్లు వాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ సమ్మెతో ఊళ్లో సైనిక పాలన పెట్టారు. స్థానిక అశ్వదళానికి కెప్టెన్ ఎవరనుకున్నారు? స్మగ్లర్-యూనియన్ గని మేనేజరు బల్క్‌లీ వెల్స్! 1904లో యూనియన్ మనుషుల్ని పట్టుకుని రైలెక్కించి ఊరి నుంచి తరిమేశారు. వాళ్లు కొండ దాటి తిరిగి రాకుండా ఇమోజీన్ కనుమ పైన, 4,000 మీటర్ల ఎత్తులో, రాళ్లతో కాపలా గుడిసె కట్టారు. ఫోర్ట్ పీబాడీ అంటారు దాన్ని. ఫోటో దిగే ఆ పది నిమిషాలు 1896లో ఆసుపత్రిగా కట్టిన భవనంలో ఉన్న చరిత్ర మ్యూజియానికి ఇవ్వండి. వేళలు చూసుకుని వెళ్లండి. మేం వెళ్లిన రోజు గాజు వెనకున్న గని దీపం ముందు నాన్న ఎంతకీ కదల్లేదు. సింగరేణిలో తాను చేరిన కొత్తలో బాయిలో చీకటి ఎంత నల్లగా ఉండేదో మా అమ్మాయికి మొదటిసారి అక్కడే చెప్పారు.

గొండోలా ఎక్కండి, కానీ స్కీలు లేకుండా, రాత్రి పూట. ఊరి నుంచి మౌంటెన్ విలేజ్‌కి పదమూడు నిమిషాలు. 1996 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు. కారు పార్కింగ్ కోసం తిరిగే తిప్పలూ ఉండవు. పైకి వెళ్తూ వెనక్కి తిరిగి కూర్చుంటే లోయ అడుగున ఊరి దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాలకో కథ ఉంది. గోల్డ్ కింగ్ గనికి ఆవిరి యంత్రం నడపడానికి కట్టెలు కరువయ్యాయి, బొగ్గు మోయించాలంటే ఖర్చు మోపెడు. అప్పుడు ఎల్.ఎల్. నన్ అనే లాయరు, కింద ఏమ్స్ దగ్గర ఏటి నీళ్లతో కరెంటు పుట్టించి నాలుగు కిలోమీటర్ల పైకి తీగల మీద పంపించాడు. 1891లో, వెస్టింగ్‌హౌస్ యంత్రాలతో, 3,000 వోల్టుల ఏసీ కరెంటు. పరిశ్రమ కోసం ఏసీ కరెంటును అంత దూరం పంపి వాడుకోవడం ప్రపంచంలోనే తొలి ప్రయత్నాల్లో ఒకటి. ఏమ్స్ కేంద్రం ఈనాటికీ కరెంటు ఇస్తోంది. ఎండాకాలం వెళ్తే బయటినుంచైనా చూసి రండి. ఇంజనీర్లు ఇంతమంది ఉన్న మన ఇళ్లలో దాని పేరు విన్నవాళ్లు నాకు ఇంకా తగల్లేదు.

ఇంకో మాట. వీలైతే సీజన్ అయిపోయాక, ఏప్రిల్ చివర్లో వెళ్లండి. గొండోలా ఆగి ఉంటుంది, హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, వీధుల పక్కన బురద. నేను ఒకసారి అలా వెళ్లాను, మళ్లీ వెళ్తాను. అప్పుడే అక్కడ బతికేవాళ్లతో మాట్లాడే తీరిక దొరుకుతుంది. మీకు కాఫీ ఇచ్చే అమ్మాయి, గది ఊడ్చే అతను ఆ ఊళ్లో అద్దె కట్టలేక నార్‌వుడ్ నుంచో మాంట్‌రోజ్ నుంచో రోజూ వచ్చిపోతుంటారు. గదిలో టిప్పు బల్ల మీద వదిలేయకుండా చేతికివ్వండి, పేరు అడగండి.

చివరగా, ఫోన్ జేబులో పెట్టి తపాలా ఆఫీసుకు వెళ్లండి. ఇంటికి ఒక కార్డు రాయండి. దక్షిణాన పక్క లోయలో ఓఫిర్ అనే చిన్న ఊరుంది. 1883 డిసెంబరు 23న నిల్సన్ అనే తపాలా మనిషి క్రిస్మస్ ఉత్తరాల మూట వీపున కట్టుకుని, మంచు తుపానులో, సిల్వర్టన్ నుంచి ఓఫిర్‌కు బయలుదేరాడు. చేరలేదు. పార్సిళ్లు కాజేసి పారిపోయాడని కొందరన్నారు. 1885 ఎండాకాలంలో మంచు కరిగాక దొరికాడు, మూట వీపునే ఉంది.

ఆ కథ విన్నాక నాన్న కార్డు అడిగి తీసుకుని, కొత్తగూడెంలో తనతో ఒకే షిఫ్టులో దిగిన స్నేహితుడికి రాశారు. ఆయనకు కళ్లు సరిగా కనిపించవని అక్షరాలు పెద్దవిగా రాశారు, నాలుగు ముక్కలకే కార్డు నిండిపోయింది. అది చేరడానికి ఐదు వారాలు పట్టింది. చేరిన రోజు రాత్రి అక్కడి నుంచి ఫోన్ వచ్చింది, ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.