చిన్న సింథసైజరు కొన్నారా? పుస్తకం మూసి ఎత్తిపోతలకు వెళ్ళండి

చెక్ దేశంలోని బ్రనో నగరంలో బాస్టల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే చిన్న సంస్థ ఉంది. వాళ్ళు చేసిన కాసిల్ అనే సింథసైజరు అరచేతిలో ఇమిడిపోతుంది. మెట్లు లేవు, తెర లేదు. తిప్పడానికి కొన్ని నాబ్‌లు, వరసగా చిల్లులు, వాటిలో గుచ్చడానికి సన్నని వైర్లు. లోపల 2 బుల్లి చిప్‌లు, నడపడానికి 3 పెన్సిల్ సెల్లులు. దాన్ని సంచిలో వేసుకుని మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతం వద్ద ఒక పగలంతా కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నవే ఈ సలహాలు. అందరూ చెప్పేదానికి ఇవి ఎదురు. అయినా నేను నమ్మేది వీటినే.

1. వాడే విధానం చెప్పే పుస్తకం చదవకండి. ముందే పేర్లు తెలిస్తే చెవి ఆ పేర్లనే వెతుక్కుంటుంది. వారం ఆగి తెరవండి. అప్పటికి అడగాల్సినవి మీ దగ్గరే పుట్టి ఉంటాయి.

2. సరిగమలు వెతకకండి. కీబోర్డు అలవాటైనవాళ్ళు రాగానే ‘స’ ఎక్కడ అంటారు. మన తిత్తిని గుర్తుచేసుకోండి. మేకతోలు సంచిలో గాలి నింపి ఒకే శ్రుతిని నిలబెడతారు, దాని అండతో కథ సాగుతుంది. పాట పలకలేదని తిత్తికి ఎవరూ వంక పెట్టరు. దీనికీ ఆ మర్యాద ఇవ్వండి.

3. నిశ్శబ్దమైన గదిలో వినకండి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి జలపాతానికి. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. హెచ్చు స్థాయి, తగ్గు స్థాయి అన్నీ ఒక్కసారే కలగలిసిన ఆ హోరునే సింథసైజరువాళ్ళు నాయిస్ అంటారు. దగ్గరగా వింటే గరుకు. చెట్ల వెనక్కి నడవండి, సన్నని ధ్వనులు రాలిపోయి హోరు మెత్తబడుతుంది. ఫిల్టర్ చేసే పని అచ్చంగా ఇదే. వినడం మాత్రం పైనున్న వ్యూ పాయింట్ నుంచే. కింద మడుగులో మొసళ్ళున్నాయి.

4. ఆలోచించి వైర్లు గుచ్చకండి. సెల్లులు తిరగబడకుండా చూసుకోండి చాలు, మిగతాది వేళ్ళకు వదిలేయండి. 3 సెల్లులు కలిపి 4.5 వోల్టులే, చేతికి షాక్ కొట్టదు. నెదర్లాండ్స్‌కు చెందిన రాబ్ హోర్డైక్ రంగ్లర్ అనే సర్క్యూట్‌ను రూపొందించారు. అది మెట్లు మెట్లుగా మారుతూ, తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో తెలియనివ్వదు. ఆ పోకడే కాసిల్‌లోనూ ఉంది. ఊహించనిదాన్ని ఇవ్వడానికే చేసిన పరికరాన్ని లెక్క కట్టి నడిపితే ఏం లాభం?

5. నచ్చిన శబ్దాన్ని దాచుకోకండి. దీనికి జ్ఞాపకం లేదు, వైరు తీస్తే ఆ శబ్దం పోయినట్టే. ఫోన్‌లో రికార్డు చేయకండి. సాయంత్రం వేళ నాకొక కప్ప అరుపు దొరికింది, చెయ్యి తగిలి పోయింది. దానికోసం వెతుకుతుంటే మరో మూడు దొరికాయి. రికార్డు చేసి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి.

6. సంగీతం తెలిసినవాళ్ళకు ముందు చూపించకండి. జామకాయలమ్మే ఒకాయన చెవిలో పెట్టుకుని, “మా ఊరి రైసుమిల్లు బెల్టు జారినప్పుడు ఇట్టనే మోగేది బాబూ” అన్నాడు. ఆ శబ్దం గుణాన్ని అంత సూటిగా పట్టుకున్న మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజరుతో స్టూడియో ఏర్పాటు చేశారు. అప్పట్లో దాన్ని తాకాలంటే ఆ సంస్థ గడప తొక్కాలి. ఇవాళ అదే ఆలోచన పల్లె బస్సులో మన ఒళ్ళో కూర్చుని వస్తుంది. ఇంత దూరం నడిచి వచ్చినదాన్ని మొదటి రోజే పనికొస్తుందా లేదా అని తూకం వేయకండి. ఒక పగలు దానికివ్వండి. కొత్త సెల్లులు మూడు సంచిలో వేసుకుని మాచర్ల బస్సెక్కండి.