అపరిచితుల నడుగు విద్య

సందేహము కలిగినప్పుడు తెలిసినవానిని అడుగవలెనను ఆచారము మన తాతలతోడనే గతించినది. వారికి గత్యంతరము లేకుండెను; పట్వారీనో, బడిపంతులునో, సైకిలుపై వచ్చు ఆర్.ఎం.పి. డాక్టరునో అడిగి, వారు చెప్పినదానిలో సగము నమ్మి, సగము మఱచి, ఎట్లో కాలము వెళ్ళబుచ్చిరి. మనకా దైన్యము లేదు. అరచేతిలో ఫోనున్నది, దాని కావల, పేరు తెలియని, ముఖము కనబడని, మన మేలుకీడులతో ఏ సంబంధమును లేని పండితులు వేలకొలది, నిద్రాహారములు మాని మన ప్రశ్న కొఱకు కాచుకొని యున్నారు. ధనము, చదువు, దేహము, వీనిలో దేనిని గూర్చియైనను వారికి తోచని విషయము లేదు. ఈ విద్యయందు నేనును కొంత పరిశ్రమ చేసినవాడనే కనుక, నూతనాభ్యాసకుల ఉపయోగార్థము కొన్ని సూచనలు వ్రాయుచున్నాను. వరుసగా అంకెలు వేయవలెనని తలచితిని గాని, అందులో ఒకటి పెరిగి తక్కినవానిపై వ్రాలినందున ఆ ప్రయత్నము మానితిని.

మొదట స్థలనిర్ణయము. ఇబ్రహీంపట్నం మండలములోని కొంగరకలాన్‌ను మించిన స్థలము నాకు తోచుటలేదు. రంగారెడ్డి జిల్లా సమీకృత కలెక్టరేటు 2022 ఆగస్టు 25న ఇచ్చటనే ప్రారంభమైనది. అంతకుముందు ఈ ప్రాంతపు రైతు కలెక్టరు కచేరీలో పనిపడినచో హైదరాబాదు నడిబొడ్డున లకిడీకాపూల్‌కు పోవలసి యుండెను. ఇప్పుడు జిల్లా శాఖలు అనేకము ఒక్క ప్రాంగణములోనికి వచ్చి కూర్చున్నవి. కావున మీరు ఆ భవనము కనబడు చాయ్ హోటలులో, భవనమువైపు వీపుపెట్టి ఆసీనులై, "అన్నా, కొంగరకలాన్‌ల గుంట ఎంత నడుస్తున్నది?" అని డాలసులోనున్న ఎవరినో ఒకరిని అడుగుడు.

సమాధానము రాక మానదు. చెప్పువాడు గుంటూరు వైపువాడైనచో సెంట్లలో చెప్పును. మనకు ఎకరమునకు 40 గుంటలు, వారికి 100 సెంట్లు; మన గుంట 121 గజములు, వారి సెంటు 48.4 గజములు, రెండున్నర సెంట్లు కూడిననే గాని ఒక గుంట కాదు. ఈ లెక్కను సరిచూచుకొనకుండుట మిక్కిలి ముఖ్యము. సరిచూచితిరా, ఆ మధురసంభాషణ అంతటితో ముగియును. 2018 సెప్టెంబరు 2న ఇచ్చట అప్పటి అధికారపక్షపు ప్రగతి నివేదన సభ జరిగినప్పుడు ధర యెంత, కలెక్టరేటు వచ్చినప్పుడెంత, 2023 మే 15న ఫాక్స్‌కాన్ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన నాటి సాయంకాలమునకు ఎంత అను చరిత్రను, ఊరు చూడనివారు ఊరివారికి సవిస్తరముగా వినిపింతురు. నడుమ ఎవడో ఒకడు, భూమి భారముల పత్రమైన ఈసీ తీసితిరా, లేఅవుటుకు హెచ్.ఎం.డి.ఏ. అనుమతి యున్నదా, రెరాలో నమోదైనదా అని అడుగును. ఇట్టివాడు రసభంగకారి. వెంటనే బ్లాకు చేయుడు.

రూపాయి విలువ ఎందుకు తగ్గుచున్నదని అడుగదలచినచో రాత్రి పదకొండు దాటనిండు. ఆ వేళకు అందఱును ఆర్థికవేత్తలగుదురు.

ఇక ఈ విద్యకు మూలస్తంభమైన నియమము: సొంత సంగతిని సొంతదిగా ఎన్నడును చెప్పరాదు. "మా దోస్తుకు" అని ప్రారంభింపవలెను. దోస్తుకు షుగరు మూడువందలు దాటినది. దోస్తు బంగారము కుదువపెట్టి చిట్టీ కట్టుచున్నాడు. దోస్తు కుమారునకు నీట్‌లో మార్కులు రాలేదు. తెలుగునాట ఇన్ని కష్టములను ఒక్కడే భరించుచున్న ఆ దోస్తు ఎవడో గాని, వాని ఓర్పునకు నమస్కరింపవలసినదే. అయితే నవ్వినంత సులభముగా ఈ నియమమును త్రోసివేయుటకు వీలులేదు. ఊరిలో అడిగిన ప్రశ్న ప్రశ్నగా నిలువదు, వార్తయై బయలుదేరును. బ్యాంకులో బంగారపు అప్పునకు వడ్డీ యెంతని విచారించినచో, సందెవేళకు పెదనాయన కొడుకు ఇంటికి వచ్చి, ఏమియు ఎఱుగనివానివలె, "అంతా మంచిదేనా తమ్మీ?" అని పలుకరించును. పెండ్లి కావలసిన ఆడపిల్లకు థైరాయిడు మాత్రలు ఎంతకాలము వాడవలెనని మందులషాపులో పదిమంది ఎదుట అడిగినచో, జబ్బు నయమగుటకు ముందే సంబంధము తప్పిపోవును. కచేరీకి పోదమన్నచో, అర్జీ చేతబట్టి నిలుచున్నవానిని తలయెత్తకుండనే "ఏం పని?" అని అడుగు కంఠస్వర మొకటి ఏ కచేరీలోనైనను ఉండనే యున్నది, ఆ రెండు మాటలకు జడిసి, పని మాని తిరిగివచ్చినవారిని నేనెఱుగుదును. అపరిచితుడు అట్లు అడుగడు. మన ఇంటిపేరు వానికి తెలియదు. తెలిసినను చెప్పుకొనుటకు మన చుట్టములెవ్వరును వానికి లేరు. వాని అజ్ఞానమే వాని యోగ్యత. మనకు కావలసినది ఎంతవఱకు సమాధానమో, ఎంతవఱకు పరువు పోకుండ ఒక్కసారి బయటికి చెప్పుకొనుటయో, అడుగు క్షణమున మనకును తెలియదు.

సైనిక విద్యాలయములలో పిల్లలకు చదువు చెప్పించుట యెట్లను ప్రశ్నకు ప్రత్యేకమైన ముహూర్తము కలదు: గడువు ముగిసిన మఱునాడు అడుగవలెను. కుమారుడు పదవ తరగతికి వచ్చిన పిదప కోరుకొండ సైనిక్ స్కూలును గూర్చి విచారింపుడు. విజయనగరము చెంత 1962లో స్థాపింపబడిన ఆ పాఠశాలలో ఆఱవ, తొమ్మిదవ తరగతులకు మాత్రమే ప్రవేశపరీక్ష యుండునని చెప్పువాడు మీకు శత్రువు. "ట్రై చేయండి బ్రదర్" అనువాడు మిత్రుడు. అంత దూర మెందుకు, కరీంనగరు జిల్లా రుక్మాపూర్‌లో గురుకుల సైనిక పాఠశాల యున్నదికదా అని గుర్తుచేయువానిని విననట్లే యుండుడు. కుమార్తెను డాక్టరును చేయదలచినచో పూణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీని గూర్చి అడుగుడు. అచ్చట ఏటా 145 మందిని, అందు 30 మంది బాలికలను తీసికొందురు. నీట్ మార్కులు చూచి పిలిచి, ఆంగ్లమునందును తర్కమునందును పరీక్షించి, ముఖాముఖి మాటలాడి, దేహపరీక్ష చేసి చేర్చుకొందురు. ఫీజు లేదు, వసతి ప్రభుత్వముదే. బదులుగా సైనిక వైద్యాధికారిగా సేవచేయుదునని బాండు వ్రాసి యీయవలెను, చదువు ముగియువఱకు వివాహము కూడదు. ఈ వివరములన్నియు ఎవరైనను చదువుకొనునట్లు ప్రకటనలోనే యుండును, కాన వానిని చదువుట అనవసరము. మీరు అడుగవలసినవి రెండే: "బార్డరుకు పంపుతరా?", "పెండ్లెప్పుడు జేస్కోవచ్చు?" బాండును మీఱి మధ్యలో వదలి వచ్చినచో కట్టవలసిన సొమ్ము మాట ఎవ్వరును ఎత్తరు, మీరును ఎత్తకుడు.

ఇచ్చట వేళాకోళము కొంచెము ఆపవలసి యున్నది. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకము ప్రకటింపబడినది: సైన్యములో నాలుగేండ్ల కొలువు, ఆ పిమ్మట నూటికి ఇరువదియైదుగురికి మించి కొనసాగింపు లేదు. జూన్ 17న దానిని నిరసించిన యువకులు సికింద్రాబాదు స్టేషనులో రైలుపెట్టెలు తగులబెట్టిరి. పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించెను. వాట్సాప్ గుంపులలో ఒకరినొకరు పిలుచుకొని వచ్చిరని పోలీసులు చెప్పిరి. కావచ్చును. అయితే వారిలో అనేకులు పరుగుపందెము నెగ్గి, వైద్యపరీక్ష నెగ్గి, వ్రాతపరీక్ష ఎప్పుడని నెలల తరబడి ఎదురుచూచినవారు. చెప్పవలసినవారు నోరు విప్పనంత కాలము, ఎవడో ఒకడు ఫోనులో ఏదో ఒకటి చెప్పుచునే యుండెను. ఆ పిల్లలు వానిని విననేల అని ఇప్పుడు అడుగుట నాకు చేతకాదు.

దేహారోగ్యమును గూర్చి క్లుప్తముగా. రక్తపరీక్ష కాగితమును ఫొటో తీయునప్పుడు, ప్రయోగశాల వారు వేసిన మామూలు హద్దులున్న భాగమును కత్తిరించి తక్కినది పంపుడు. అంకె ఎక్కువయో తక్కువయో తెలియనప్పుడే వైద్యము విజృంభించును. నా మోకాలికి ఈ రీతిగా పసుపుముద్ద మొదలు శస్త్రచికిత్స వఱకు అన్నియు ఒక్క రాత్రిలో లభించినవి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినదికదా, అది మీ జబ్బునకు వర్తించునా అను సందేహము కలిగినచో, 104 అను మూడంకెలు నొక్కుటకు బదులు మూడు పేరాలు టైపు చేయుడు.

కొంతకాలము ఇట్లు శ్రద్ధగా అడిగినవానికి పదోన్నతి తప్పదు, అతడు చెప్పువాడగును. దీనికి అర్హత పరీక్ష లేదు. ఒకనాటి రాత్రి డాలసునుండియే ప్రశ్న వచ్చును: "కొంగరకలాన్‌లో ఇప్పుడు ప్లాటు కొనవచ్చా అన్నా? మా ఫ్రెండు కోసం." ఆ దోస్తు అక్కడికిని చేరినాడని తెలిసి మీరు సంతసింతురు. అదే చాయ్ హోటలులో, అదే బల్లపై కూర్చుండి, వెనుకకు తిరిగి చూడకుండ, "కండ్లు మూసుకొని కొనుమను" అని వ్రాయుడు. ఈసీ ఎక్కడ తీయవలెనని అతడు మఱల అడిగినచో మాత్రము, ఫోనులో చార్జింగు లేదనుడు.