ఇసుక బకెట్ మావయ్య

దసరా వెళ్ళిందంటే కెనడాలోని మా సర్రీలో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, వాన పట్టుకుంటుంది, మా వాట్సాప్ గ్రూపులో రూల్సు మావయ్య నిద్రలేస్తాడు. న్యూటన్ నుంచి ఫ్లీట్‌వుడ్ దాకా ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆయన మావయ్యే. ఏడాది పొడుగునా గుడ్ మార్నింగ్ కూడా పెట్టని మనిషి, ఆశ్వయుజం సగం గడిచేసరికి బారిస్టరు అయిపోతాడు.

"సర్రీలో పర్మిట్ లేకుండా బాణసంచా కాల్చరాదు. గమనించగలరు." మొదటి మెసేజ్ ఏటా ఇదే. వెంటనే ఎవరో కొత్తగా వచ్చిన కుర్రాడు, "కాకరపువ్వొత్తి కూడానా మావయ్యగారూ?" అంటాడు. అయిపోయాడే పాపం. కెనడా కేంద్రప్రభుత్వం లెక్కలో కాకరపువ్వొత్తి, చిచ్చుబుడ్డి, పాముబిళ్ళ అన్నీ ఒకే పద్దు కింద వినియోగదారు బాణసంచా అని, సీమటపాకాయల దండ మాత్రం 1972 నుంచే దేశమంతా నిషిద్ధమని, పక్కనున్న వాంకూవర్ 2020 నవంబర్ 1 నుంచి అమ్మకాన్నీ కాల్చడాన్నీ కూడా మూసేసిందని పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ వస్తుంది. "బ్లెయిన్ దగ్గర బోర్డరు దాటి అమెరికాలో కొని డిక్కీలో వేసుకొస్తే?" అని ఇంకొకడు గెలుకుతాడు. దానికి జవాబు ఫోన్లో వస్తుంది. రాత్రి పదింటికి. దిగుమతి పర్మిట్ గురించి.

ఆయనకు అసలు కుశాల తిథుల దగ్గర. బ్రిటిష్ కొలంబియా బాణసంచా చట్టంలో జనానికి వదిలిన గడువు అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 దాకా. హాలోవీన్ కొలతకి కుట్టిన చొక్కా అది, మన అమావాస్యకి ఎక్కడ పడుతుంది? 2022లో దీపావళి సరిగ్గా 24న వచ్చి గుమ్మంలో కాలు పెట్టింది. 2023లో నవంబర్ 12న, తలుపులు మూశాక వచ్చింది. 2024లో పండగ 31నా ఒకటినా అని పంచాంగాలవాళ్ళు తగువులాడుకుంటుంటే మావయ్య ఒక్కడే ప్రశాంతంగా, "రెండూ గడువులోనే ఉన్నాయి, నిదానంగా కొట్టుకోండి" అన్నాడు. 2025లో అక్టోబర్ 20. నాలుగు రోజుల ముందే వచ్చేసింది. "అమావాస్య అయినా అప్లికేషన్ పెట్టుకుని రావాలమ్మా" అని నిట్టూర్చాడు. గడువులో పడినంత మాత్రాన నగరం పర్మిట్ తప్పదన్నది వేరే సంగతి. దానికి వేరే వాయిస్ మెసేజ్ ఉంది.

కిందటి దీపావళికి మా ఇంటికి భోజనానికి పిలిచాం. మేం వెలిగించింది పన్నెండు ప్రమిదలు, అంతే. ఆయన హోం డిపోలో కొన్న నారింజరంగు బకెట్ నిండా ఇసుక మోసుకొచ్చాడు. పిల్లలకు శిక్షణ ఇవ్వాలట. రోమన్ క్యాండిల్ లేదు కనుక వంటింట్లోంచి ములక్కాడ తెచ్చాడు. "సగం పొడుగు ఇసుకలో ఉండాలి. జనం ఉన్న వైపు కాకుండా అటు వంచి పెట్టాలి. గాలి చూసుకోవాలి. చేత్తో పట్టుకున్నవాడు మూర్ఖుడు" అంటూ పాతాడు. లేని వత్తికి లేని నిప్పు అంటించి, మోకాళ్ళ నొప్పులు మరిచి వెనక్కి పరిగెత్తాడు.

ములక్కాడ పేలలేదు.

"చూశారా, తుస్సుమంది! ఇప్పుడేం చెయ్యాలి? దగ్గరికి వెళ్ళకూడదు. మళ్ళీ అంటించకూడదు. అరగంట ఆగాలి." వానజల్లులో నలుగురు పిల్లలు, ఒక ములక్కాడ, అరగంట. మధ్యలో మా అమ్మ కిటికీలోంచి, "అన్నయ్యగారూ, అది రేపటి సాంబారులోకి పెట్టుకున్నదండీ" అంది. "ఇంకా పద్దెనిమిది నిమిషాలుందమ్మా" అన్నాడు.

ఈయన చిన్నప్పుడు తెనాలిలో తాటాకు టపాకాయలు సొంతంగా కట్టిన ఘనుడని, తారాజువ్వతో పక్కింటి గడ్డివామి తగలెట్టి రెండు రోజులు మేనత్తగారింట్లో దాక్కున్నాడని వాళ్ళావిడ మెల్లగా చెప్పింది. ఎడమ చేతి చూపుడువేలు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ వేలితోనే రూల్సు టైపు చేస్తాడు.

భోజనాలయ్యాక స్కాట్ రోడ్ వైపు నుంచి ఢమఢమలు మొదలయ్యాయి. పర్మిట్ ఉందో లేదో ఆ దేవుడికెరుక. మావయ్య తాంబూలం చేతిలో పట్టుకునే వరండాలోకి వెళ్ళాడు. వెనకాలే వెళ్ళాను. మబ్బుల కింద ఆకుపచ్చ వెలుగు ఒకటి విచ్చుకుని రాలింది.

"అది మైను" అన్నాడు చెవి అటు ఒగ్గి. కాసేపటికి, "ఇది రోమన్ క్యాండిల్, ఎనిమిది గుళ్ళది." తరువాత గొంతు తగ్గించి, "అబ్బ. ఇది ఇక్కడి సరుకు కాదురా."

పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరు గ్రూపులో పిన్ చేసి పెట్టింది ఆయనే. గుర్తుచేద్దామని ఫోన్ తీశాను. "చెయ్యమంటారా మావయ్యగారూ?"

ఆకాశంలోంచి కళ్ళు దించకుండానే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండరా. ఆఖరిది ఇంకా పేలలేదు."