కారుకు ఛార్జింగ్ ఎక్కనప్పుడు యజమాని పాటించవలసిన విధులు

విద్యుత్ కారుకు ఛార్జింగ్ ఎక్కకపోవడం పైకి యంత్రానికి సంబంధించిన సమస్యగా కనిపించినా, హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దానికి జరిగే చికిత్సను పరిశీలిస్తే, అది ప్రధానంగా ఆచారానికి సంబంధించిన విషయమని తేలుతుంది. ఈ ఆచారానికి మూలసూత్రం ఒక్కటే: లోపం ఎక్కడ ఉందో కారూ ఛార్జరూ స్వయంగా చెబుతున్నప్పుడు, వాటి మాట తప్ప తక్కిన అందరి మాటా వినాలి. ఆ సూత్రం నుంచి పుట్టిన విధులు అయిదు.

మొదటి విధి ప్లగ్గును పీకి మళ్లీ గుచ్చడం. కారుకూ ఛార్జరుకూ మధ్య ‘కంట్రోల్ పైలట్’ అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాని మీద మొదట 12 వోల్టుల దగ్గర ఉండే సంకేతం, ప్లగ్గు కుదురుకోగానే 9కి, కారు సిద్ధమని తెలపగానే 6కి దిగుతుంది, ఆ తరువాతే ఛార్జరు అసలు కరెంటును వదులుతుంది. ఈ సంభాషణకు కొన్ని సెకన్లు పడుతుంది కనుక, అది ముగిసేలోపే ప్లగ్గును పీకడం శ్రేష్ఠం. మూడోసారికీ ఫలితం దక్కకపోతే ఛార్జరు నెత్తిన అరచేత్తో చిన్న దెబ్బ వేయవచ్చు. పాత టీవీకి పనిచేసిన వైద్యం కొత్త కారుకు పనిచేయదని ఎవరూ నిరూపించలేదు.

రెండవ విధి కారులోని తెరను చూడకుండా ఉండడం. ఛార్జింగ్ రాత్రి 11 గంటలకే మొదలుకావాలనో, 80 శాతం దగ్గర ఆగిపోవాలనో యజమానే ఎప్పుడో ఆదేశించి మరిచిపోయి ఉండవచ్చు. కారు ఆ ఆదేశాన్ని శిరసావహిస్తున్నదని తెరను చూస్తే తెలిసిపోతుంది. అందువల్ల తెర జోలికి పోకుండా నేరుగా సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి, తన మతిమరుపును కంపెనీ లోపంగా నమోదు చేయించాలి.

మూడవ విధి ఎక్స్‌టెన్షన్ బాక్సును ఆశ్రయించడం. ఇంట్లోని 15 ఆంపియర్ల సాకెట్టు నుంచి కారు సుమారు 3.3 కిలోవాట్లు తీసుకుంటుంది కనుక, 30 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే కరెంటు బిల్లు లెక్కలో 30 యూనిట్లు పట్టేది, ఖాళీ నుంచి నిండడానికి 9 గంటలకు పైగా పడుతుంది. గీజరు పావుగంటలో పని ముగించుకొని విశ్రాంతి తీసుకుంటే, కారు అంతకంటే ఎక్కువ భారాన్ని రాత్రంతా అదే తీగ మీద మోపుతుంది. ఎక్కడైనా లూజు కనెక్షన్ ఉంటే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పండుగ దీపాల కోసం కొన్న సన్నవైరు బాక్సు ఇటువంటి సందర్భానికే పుట్టిందని నమ్మి, ప్లగ్గు గోధుమరంగుకు తిరగడాన్ని అది పక్వానికి వచ్చిన లక్షణంగా స్వీకరించాలి.

నాలుగవ విధి చిన్న బ్యాటరీ ఉనికిని గుర్తించకపోవడం. కారు అడుగున లక్షల విలువైన పెద్ద బ్యాటరీ ఉన్నా, దానిని ఛార్జింగుకు కలిపే స్విచ్చులు, అంటే కాంటాక్టర్లు, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే సాధారణంగా పనిచేస్తాయి. మావటి నిద్రపోతే ఏనుగు కదలనట్లు, ఇది నీరసిస్తే పెద్దది కరెంటు అందుకోలేదు. అయినప్పటికీ కొన్ని వేలతో పోయే జబ్బు యజమాని హోదాకు తగదు కనుక, పెద్ద బ్యాటరీనే మార్చమని పట్టుబట్టాలి.

అయిదవ విధి అన్నింటిలోకీ ఘనమైనది. ప్లగ్గులోని మూడవ కాలు ఎర్తు; లోపలి లోపం వల్ల కారు లోహపు ఒంటికి కరెంటు పాకితే, దానిని మనిషి గుండా కాక నేలలోకి పంపే దారి అది. ఆ దారి సరిగా లేదని తెలిస్తే ఛార్జరు ఎర్రదీపం వెలిగించి మొరాయిస్తుంది. అప్పుడు సాకెట్టులో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చిన్న తీగముక్క బిగిస్తే ఛార్జరు మోసపోతుంది, దీపం పచ్చబడుతుంది, ఆ పని చేసినవాడు మేధావి అవుతాడు. తరువాత ఎప్పుడైనా న్యూట్రల్ తీగ వెనక తెగినా, ఫేజు న్యూట్రల్ తారుమారైనా, 230 వోల్టులు కారు ఒంటి మీదికి వచ్చి తలుపు తెరవబోయేవారి కోసం నిరీక్షిస్తాయి. యజమానిని సమస్త సమస్యల నుంచి శాశ్వతంగా విముక్తుణ్ణి చేయగల విధి ఇదొక్కటే.

ఈ ఆచారంలో నమ్మకం లేనివారు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మీటరుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 వోల్టుల దాకా, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు మాత్రమే ఉన్నాయేమో చూపించుకుంటారు. ఉప్పూ బొగ్గూ నింపిన ఎర్త్ గుంత రోహిణి కార్తె ఎండలకు ఎండిపోయి ఉంటే, నాలుగు బకెట్ల నీళ్లతో అది తేరుకోవడమూ కద్దు. ఇంత చవకైన చికిత్స బయటపడితే మర్యాద దక్కదు కనుక, ఆ నీళ్లు పోసే పనిని వాచ్‌మన్‌కు అప్పగించి, తెల్లవారేసరికి కారు నిండుగా కనిపిస్తే ఆ ఖ్యాతిని మొదటి విధిలోని అరచేతి దెబ్బకే ఆపాదించాలి.